ఏకాభిప్రాయానికి ఇరవై ఒక్క రోజులు

కొత్తగెడ్డ పట్టణంలో ఒకే సినిమా చూసిన ఆరువేల నాలుగువందల పన్నెండు మందిని ఒకే మాట మీదికి తీసుకురావడానికి మా ఆఫీసు నాకు ఇరవై ఒక్క రోజులు గడువిచ్చింది. ఆదివారాలూ, రెండో శనివారమూ అందులోనే.

నేను డివిజనల్ ఆఫీసులో సి సెక్షన్ జూనియర్ అసిస్టెంటుని. పేరు నూకరత్నం. మా నాన్న మార్కెట్ యార్డులో మూటలు మోసే కళాసీ. మా ఇంట్లో డిగ్రీ దాకా చదివింది నేనొక్కదాన్నే. అందుచేత చేతికి కాగితం వస్తే ఆఖరి అక్షరం దాకా చదవడం, అందులో ఉన్నట్టు చెయ్యడం నాకు అలవాటు. ఈ గొడవంతా ఆ అలవాటు వల్లే వచ్చిందని మా సూపరింటెండెంటు దాలినాయుడు గారు ఇప్పటికీ అంటుంటారు. కాదనను.

ఊళ్ళో ఉన్నది ఒకటే సినిమా హాలు, మయూరా టాకీస్. దాని యజమాని సన్యాసమ్మ గారు. భర్త పోయిన దగ్గర్నుంచి ఇరవై ఆరేళ్ళుగా బుకింగు కిటికీలో ఆవిడే కూర్చుంటారు. తెర వెనక ఉన్న గదే ఆవిడ ఇల్లు. అక్కడికి ఆ నెలలో ‘పద్దెనిమిది వద్దు’ అనే సినిమా వచ్చింది. పద్మలత అనే పదిహేడేళ్ళ పిల్ల తనకు పద్దెనిమిదో ఏడు రావడానికి వీల్లేదంటుంది. పుట్టినరోజు మీద స్టే ఇవ్వమని తహసీల్దారుకు అర్జీ పెడుతుంది. ఇంట్లో వాళ్ళు కేకు తెస్తే మేకకు పెడుతుంది. చివరికి ఆ రోజు రానే వస్తుంది. పిల్ల వాటర్ ట్యాంకు ఎక్కి, ఊరంతా చూసి, ఒక నిమిషం పాటు నవ్వుతుంది. అంతే, తెర చీకటైపోతుంది. పెళ్ళి లేదు, ఫైటు లేదు, ఆ పిల్ల ఎందుకు నవ్విందో చెప్పేవాళ్ళు లేరు.

సగం ఊరికి ఇది తెగ నచ్చింది. మిగతా సగానికి ఒళ్ళు మండింది. టీ కొట్టు దగ్గర, మంగలి షాపులో, పిల్లల్ని బడి దగ్గర దించేచోట ఇదే వాదన. ఆ సోమవారం అర్జీల రోజున మా ఆఫీసుకు రెండు కాగితాలు వచ్చాయి. ఆడపిల్లల్ని చెడగొట్టే ఈ సినిమాను ఎత్తేయించమని ఒకటి. ఇంకో రెండు వారాలు ఆడించమని రెండోది. మొదటిది కిరాణా కొట్టు తవిటయ్య గారిది. రెండోది నీలవేణి గారిది. ఇద్దరి ఇంటి నంబరూ ఒకటే. ఒకరు పెట్టినట్టు ఒకరికి తెలియదు.

వేరే గుమస్తా అయితే రెండు అర్జీలకూ ఒకే దారం కట్టి బీరువాలో పెట్టేవాడు. నేను మయూరా టాకీస్ ఫైలు తీసి లైసెన్సు చదివాను. గడువు ఆ నెల ముప్ఫైతో ముగుస్తోంది. షరతులు ఇరవై రెండు. పదమూడోది అగ్నిమాపక బకెట్ల గురించి. పద్నాలుగోది ఇలా ఉంది: “ప్రదర్శన విషయమై ప్రేక్షకుల మధ్య భేదాభిప్రాయము లేకుండునట్లు లైసెన్సుదారు చూచుకొనవలెను. అట్లు లేనిచో లైసెన్సు పునరుద్ధరింపబడదు.” ఎవరు రాశారో, ఎందుకు రాశారో ఫైల్లో లేదు. ఇన్నేళ్ళూ ఎవరి కంటా పడలేదు. నేను దాని కింద ఎర్ర పెన్సిలుతో గీత గీసి నోట్ పెట్టాను.

మా డివిజనల్ అధికారి వేదగిరి పరాంకుశం గారు ఆ నోట్ రెండుసార్లు చదివి కళ్ళద్దాలు సవరించుకున్నారు.

“ప్రభుత్వం దృష్టిలో ప్రజాభిప్రాయం ఒక్కటే ఉంటుంది” అన్నారు. “రెండున్నాయంటే అందులో ఒకటి ఆక్రమణ కింద లెక్క. అది ఏదో విచారించి, తొలగించి, ఏకాభిప్రాయ నివేదిక సమర్పించవలసిన గురుతర బాధ్యత ఈ కార్యాలయం మీద ఉంది. విచారణాధికారిగా నిన్ను నియమిస్తున్నాను.”

నివేదిక రాకపోతే ఏమవుతుందని దాలినాయుడు గారు అడిగారు. ముప్ఫయ్యో తారీకు సాయంత్రం అయిదింటికి హాలుకు సీలు పడుతుందన్నారు అయ్యగారు. విచారణ నిష్పాక్షికంగా సాగాలి కాబట్టి తాను గానీ, నేను గానీ ఆ సినిమా చూడకూడదని కూడా రాతపూర్వకంగా ఆదేశించారు. చూస్తే అభిప్రాయం కలిగే ప్రమాదం ఉందట.

నోటీసు పట్టుకుని నేనే మయూరాకు వెళ్ళాను. సన్యాసమ్మ గారు కిటికీలోంచే అందుకుని నా చేత చదివించుకున్నారు. గోనెసంచుల వ్యాపారి ఒకాయన గోడౌను కోసం ఆ హాలు మీద కన్నేసి ఉన్నాడని ఊరందరికీ తెలుసు. తలుపులు మూస్తే పదకొండు మంది పనివాళ్ళతో పాటు ఆవిడ కూడా రోడ్డున పడాలి. ఆవిడ నోటీసు మడత పెట్టి టికెట్ల పుస్తకం కింద పెట్టుకున్నారు.

“మనుసులు సినిమా సూసి కొట్టుకోకుండా నాను సూడాలా?” అన్నారు. “ఇరవయ్యారేళ్ళ నుంచి కొట్టుకుంతారనే కదమ్మా నాను బతుకుతున్నాను. అందరూ బాగుందన్న బొమ్మ మూడు వారాలు. అందరూ బాగానేదన్నది మూడు రోజులు. కొట్టుకున్నారనుకో, ఎవుడిది నిజమో తేల్సుకోడానికి మల్లీ వొత్తారు.”

ఇది నేను వాంగ్మూలంగా నమోదు చేసుకున్నాను.

విచారణ రిజిస్టరుతో మొదలైంది. వరుస నంబరు, పేరు, ఇంటి నంబరు, బాగుంది, బాగాలేదు. ఇవీ గడులు. హాలు గేటు దగ్గర బల్ల వేసుకుని కూర్చున్నాను. రెండో రోజుకే చిక్కొచ్చింది. ఇంటర్వెల్ దాకా బాగుందన్నవాళ్ళు నాలుగువందల మంది తేలారు. ఒకాయన పెళ్ళాంతో చూసినప్పుడు బాగుందనీ, బావమరిదితో చూసినప్పుడు బాగాలేదనీ రెండు గడుల్లోనూ వేలిముద్ర వేస్తానన్నాడు. మేక బాగుంది, తక్కినదేమీ బాగాలేదని ఒకావిడ. ఇలాంటివాళ్ళను ఏం చెయ్యాలని అయ్యగారికి రాస్తే, గడులు పెంచే అధికారం జిల్లా కార్యాలయానికే ఉందనీ, గడిలో పట్టని అభిప్రాయం ఉన్న పౌరుణ్ణి సముచితమైన గడిలోకి చేర్చాలనీ బదులొచ్చింది. చేర్చాను. ఆరో రోజుకు బాగుంది: మూడువేల రెండువందల ఏడు. బాగాలేదు: మూడువేల రెండువందల అయిదు.

“కేవలం రెండే తేడా” అని అయ్యగారు సంతోషించారు. “గమ్యానికి చేరువలో ఉన్నాం.”

దాలినాయుడు గారు నా వైపు చూశారు. నేను రిజిస్టరు వైపు చూశాను.

ఏడో రోజున ఉత్తర్వు వచ్చింది: ఒక కార్డు, ఒక అభిప్రాయం. రేషన్ కార్డు ఎవరి పేరున ఉంటే వాళ్ళ అభిప్రాయమే ఇంటిల్లిపాదికీ వర్తిస్తుంది. దీంతో లెక్క సగానికి పైగా తగ్గుతుందని అయ్యగారి అంచనా. ఉత్తర్వు గోడకంటించిన గంటకు తవిటయ్య గారు కొట్టు కట్టేసి వచ్చారు. వెనకాలే నీలవేణి గారు.

“కార్డు నా పేర్నున్నాది” అన్నారాయన. “నాకు నచ్చనేదంతే ఇంటికి నచ్చనేదు. రాసుకోండమ్మా.”

“కార్డు నీదే. సూసిన కల్లు నావి” అన్నారావిడ. తర్వాత నా వైపు తిరిగి, కార్డు విడగొట్టే ఫారం ఇమ్మన్నారు.

నాకు భయమేసింది. విడాకులదాకా వెళ్ళకండి, పెద్దలతో మాట్లాడుకోండి అన్నాను.

“ఇడాకులెందుకమ్మా? మనిసి మంచోడే. పాతికేల్లయినాది, ఒక్క మాటనేదు. ఆయన అబిప్రాయమే బాగానేదు. అదొక్కటీ ఏరు సేసి పెట్టండి, సాలు.”

తవిటయ్య గారు దానికి నవ్వబోయి, ఆఫీసులో ఉన్నామని గుర్తొచ్చి ఆపుకున్నారు. ఆవిడకు ఫారం ఇచ్చాను, ఇవ్వకూడదని రూలు లేదు కాబట్టి. పదో రోజుకు అలాంటి దరఖాస్తులు రెండువందల పద్నాలుగు పడ్డాయి. ఒక ఇంట్లో అత్త, కోడలు, మనవరాలు మూడు కార్డులడిగారు. కార్డు వేరైతే ఇంటి నంబరు వేరు, ఇంటి నంబరు వేరైతే మధ్యలో గోడ ఉండాలి. గోడలు చూసి ధ్రువీకరించడానికి మనుషులు లేరని మునిసిపాలిటీ చేతులెత్తేసింది. రేషన్ డీలర్లు సమ్మెకు దిగుతామన్నారు. అయ్యగారు ఆ ఉత్తర్వును రద్దు చెయ్యలేదు. రద్దు చేస్తే తప్పు ఒప్పుకున్నట్టవుతుంది. “పరిపాలనా సౌలభ్యం దృష్ట్యా నిద్రాణస్థితిలో ఉంచడమైనది” అని రాశారు.

తర్వాత పంచనామా వచ్చింది. మనుషులు చెప్పే మాటలు నమ్మదగినవి కావు, నవ్వు మాత్రం అబద్ధం చెప్పదు, కాబట్టి హాల్లో ఎవరెవరు ఎక్కడ నవ్వారో సాక్షుల సమక్షంలో నమోదు చెయ్యాలన్నారు. సర్వేయర్ లోకనాథం గారు కుర్చీలన్నిటికీ నంబర్లు వేసి, పొలాల హద్దులు చూపే ఎఫ్‌ఎంబీ పటంలా నక్షా గీశారు. నవ్విన కుర్చీకి ఆకుపచ్చ, నవ్వనిదానికి ఎరుపు. పంచాయతీదార్లుగా, అంటే సాక్షులుగా, ఇద్దరు పెద్దమనుషుల్ని కూర్చోబెట్టాం. నేను సినిమా చూడకూడదు కదా, అందుకని తెర ముందు, తెరకు వీపు పెట్టి, జనం వైపు తిరిగి నిలబడ్డాను.

ఎనిమిది రోజులు, రోజుకు రెండాటలు, అలాగే నిలబడ్డాను. నా వెనక ఆ సినిమా నడుస్తుంటే నాకు ఎదురుగా ఆరువందల మొహాలు నడిచేవి. తహసీల్దారు సీను ఎక్కడొస్తుందో నాకు ముందే తెలిసిపోయేది, ఎందుకంటే నేల టికెట్టులో రిక్షా వాళ్ళ బుగ్గలు ముందే ఉబ్బేవి. కేకు మేకకు పెట్టినప్పుడు చిన్నపిల్లలు తల్లుల మొహాలు చూసేవాళ్ళు. ఆఖరి నిమిషంలో పిల్ల నవ్వు నా వీపు మీద వినిపించేది. అప్పుడు ఎదురుగా కొందరు పగలబడి నవ్వేవాళ్ళు, కొందరు విసురుగా లేచి చెప్పులు వెతుక్కునేవాళ్ళు, మధ్యవయసు ఆడవాళ్ళు కొందరు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కదలకుండా ఉండిపోయేవాళ్ళు. వాళ్ళు ఏ రంగు కిందికి వస్తారో లోకనాథం గారికి తోచక పెన్సిలు కొరుక్కునేవారు.

మూడో రోజున ఆయనే నవ్వేశారు. విధి నిర్వహణలో నవ్వినందుకు సంజాయిషీ అడుగుతూ అయ్యగారు మెమో ఇచ్చారు. లోకనాథం గారు ఇచ్చిన జవాబులో అసలు సంగతి ఉంది: “నిన్న నవ్విన కుర్చీలో మనిషి నేడు నవ్వలేదు. నిన్న ఏడ్చినవాడు నేడు నవ్వాడు. భూమి అయితే రాయి పాతితే కదలదు. దీనికి హద్దులు నిర్ణయించుట నా శాఖాపరమైన పరిజ్ఞానమునకు మించిన పని అని మనవి.”

ఈలోగా విచారణలో తమ పేరు లేకపోతే ముందుముందు ఏ పథకం ఆగిపోతుందోనని పల్లెల నుంచి కూడా ఆటోలు కట్టించుకుని జనం వచ్చి సినిమా చూడసాగారు. ప్రతి ఆటా నిండిపోయింది. హాలు మూయించడానికి మేం పెట్టిన విచారణ వల్ల హాలు ఎన్నడూ లేనంతగా ఆడుతోందని దాలినాయుడు గారు నాకు మాత్రమే వినపడేలా అన్నారు. సన్యాసమ్మ గారికి మాత్రం అందులో సంతోషం లేదు. ఆవిడ క్యాలెండరు చూసుకుంటున్నారు. ఇరవయ్యో రోజు పొద్దున తెర వెనక గదిలో గిన్నెలు సంచీకెత్తుతూ కనిపించారు. నేను గుమ్మంలో నిలబడ్డాను.

“ఆ పద్నాలుగో నంబరు నువ్వే సదివి సెప్పినావంటకదా?” అన్నారు తలెత్తకుండా.

అవునన్నాను.

“సదూకున్న పిల్లవి. సదవకుండా ఎలాగుంతావు?”

తిట్టి ఉంటే బాగుండేది. వెనక్కి ఆఫీసుకు నడుస్తుంటే ఎర్ర పెన్సిలు బ్యాగులో బరువుగా అనిపించింది. అయినా రూలు రూలే. ఉన్నదాన్ని లేదని నేను రాయలేను.

ఆ సాయంత్రమే అయ్యగారికి దారి దొరికింది. మమ్మల్నందర్నీ పిలిచి నిలబడే చెప్పారు.

“భేదం ఉండాలంటే కనీసం ఇద్దరు ఉండాలి. ఇద్దరు ఉన్నంతకాలం భేదాన్ని నివారించడం మానవసాధ్యం కాదని ఈ విచారణ నిరూపించింది. కాబట్టి రేపటి మ్యాట్నీకి ఒకే ఒక్క ప్రేక్షకుణ్ణి అనుమతిద్దాం. ఇంతవరకు కలిగిన అభిప్రాయాలన్నీ పాత లైసెన్సు కాలానివి. అవి దానితోపాటే కాలం చెల్లుతాయి. ఆ ఒక్కరి అభిప్రాయమే పట్టణ ఏకాభిప్రాయం.”

ఎవర్ని అనుమతించాలన్నది ప్రశ్న. ఊళ్ళో చూడనివాళ్ళు ఇద్దరే మిగిలారు, అయ్యగారూ నేనూ. ఆయన సంతకం పెట్టవలసిన వ్యక్తి. కనుక నన్ను చూడమన్నారు. నాలుగున్నరకల్లా గడిలో టిక్కు పెట్టి ఇవ్వాలి. ఏదో ఒక గడి. బాగుందన్నా ఏకాభిప్రాయమే, బాగాలేదన్నా ఏకాభిప్రాయమే. రెంటిలో దేనికైనా లైసెన్సు వస్తుంది. నాకు ఇంత తేలికైన పని ఎప్పుడూ అప్పగించలేదని దాలినాయుడు గారు భుజం తట్టారు.

ముప్ఫయ్యో తారీకు మధ్యాహ్నం ఆరువందల కుర్చీల మధ్య నేనొక్కదాన్నే కూర్చున్నాను. గేటు బయట జనం. సన్యాసమ్మ గారు కిటికీలో. మొదటిసారి తెర నాకు ఎదురుగా వచ్చింది. పద్మలత నేననుకున్నంత పొడుగరి కాదు. తహసీల్దారు సీను వచ్చింది. నేను నవ్వడానికి సిద్ధంగా కూర్చున్నాను. రిక్షా వాళ్ళు లేరు. సీను వెళ్ళిపోయింది. మేక కేకు తింది. ఎవరి మొహం చూడాలో తెలియలేదు. నాలుగైదుసార్లు వెనక్కి తిరిగాను, ఖాళీ కుర్చీలు చూసి మళ్ళీ ముందుకు తిరిగాను. ఆఖర్న పిల్ల ట్యాంకు మీద నవ్వింది. ఆ నవ్వు ఖాళీ హాల్లో గోడలకు తగిలి తిరిగొచ్చింది. లైట్లు వేశారు.

ఫారం తీశాను. రెండు గడులు. పెన్ను మూత తీశాను. నాకు నవ్వు రాలేదు, ఏడుపు రాలేదు, విసుగూ రాలేదు. ఏదో ఒకదానిలో టిక్కు పెడితే సన్యాసమ్మ గారి ఇల్లు నిలబడుతుంది. తెలుసు. కానీ సర్కారు కాగితం మీద ఇంతవరకు నేను లేనిది రాయలేదు. చెయ్యి రెండుసార్లు గడి దాకా వెళ్ళి ఆగింది. చివరికి గడుల కింద ఖాళీ జాగాలో ఇలా రాశాను: “ఒక్కదాన్నే చూసినందున అభిప్రాయం ఏర్పడలేదు.”

బయటికొచ్చేసరికి పరాంకుశం గారి జీపు ఆగి ఉంది. దాలినాయుడు గారి చేతిలో లక్క, కొవ్వొత్తి, ముద్ర ఉన్నాయి. అయ్యగారు ఫారం చదివి ఎర్రబడ్డారు. ఇలాంటి అభిప్రాయానికి గడి లేదన్నారు. నేను ఉద్యోగానికి తగనన్నారు. టైము చూసుకుని సీలుకు సిద్ధం కమ్మన్నారు.

సన్యాసమ్మ గారు కిటికీ మూసి బయటికొచ్చారు. ఆయన వైపు చూడలేదు, నా దగ్గరికే వచ్చారు.

“పోనీలే గానీ, ఆకర్న ఆ పిల్ల ఎందుకు నవ్విందంతావు?”

“పుట్టినరోజు ఆపలేకపోయింది కదా. ఓడిపోయినందుకు నవ్వొచ్చింది” అన్నాను.

“ఓడిపోనాదా? ఎవులన్నారు? ట్యాంకెక్కింది సూసినావు కదా. ఊరంతా కిందున్నాది. బయపడినంత ఏటీ నేదు పెద్దవడంలో. అందుకు నవ్వింది.”

“కాదండీ. కళ్ళల్లో నీళ్ళున్నాయి. చూశాను.”

“నవ్వితే నీల్లు రావా? సీలు ఏసేలోగా ఇంకోపాలి సూసి సెప్పు.”

గేటు అవతల తవిటయ్య గారు ఆ పిల్ల పిచ్చిది కాబట్టి నవ్విందన్నారు. పక్కనే ఉన్న నీలవేణి గారు పిచ్చెవరికో చూస్తే తెలుస్తుందన్నారు. జీపు డ్రైవరు తన మాట కూడా ఒకటి వేశాడు. పరాంకుశం గారు చేతి గడియారం వైపు, మా వైపు చూశారు.

“ఏ పిల్ల?” అన్నారు.

అయిదుగురం అయిదు రకాలుగా చెప్పాం. ఆయన చెయ్యెత్తి ఆపారు. వివాదానికి మూలమైన ఆ ఒక్క నిమిషాన్ని స్థల తనిఖీ చేస్తే తప్ప తుది చర్య తీసుకోవడం న్యాయసమ్మతం కాదన్నారు. నిష్పాక్షికత గురించిన తన ఆదేశాన్ని తానే నిద్రాణస్థితిలో పెట్టి లోపలికి నడిచారు. ఆపరేటరు ఆఖరి నిమిషం ఒక్కటే వేస్తానంటే, ముందూ వెనకా తెలియకుండా తనిఖీ ఎలా అవుతుందని కసిరి మొత్తం వేయమన్నారు. గేటు దగ్గర వాళ్ళను ఎవరూ ఆపలేదు. హాలు నిండింది.

నేను అలవాటు కొద్దీ తెర ముందు నిలబడి ఆయన వైపు తిరిగాను. తహసీల్దారు సీనులో హాలంతా గొల్లుమంటే ఆయన గంభీరంగానే ఉన్నారు, ఒక్క బుగ్గ మాత్రం ఊరుకోలేదు. అయిదు దాటింది. ఆయన టైము చూసుకోలేదు. ఆఖర్న పిల్ల నవ్వినప్పుడు కళ్ళద్దాలు తీసి పట్టుకుని, తుడవకుండా అలాగే కూర్చున్నారు. దాలినాయుడు గారు పక్క కుర్చీలో చెప్పులు వెతుక్కుంటున్నారు. ఆయనకు సినిమా నచ్చలేదు.

బయటికొచ్చాక సన్యాసమ్మ గారు అడిగారు. “ఎందుకు నవ్వింది బాబూ?”

ఆయన కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకున్నారు. “ఇంకోసారి చూస్తే గాని చెప్పలేను” అన్నారు.

జీపు బానెట్ మీదే ఫైలు పెట్టుకుని ఉత్తర్వు రాశారు. విచారణ అసంపూర్తిగా ఉన్నందునా, విచారణకు ప్రదర్శన అత్యవసరమైనందునా, విచారణ ముగియువరకు మయూరా టాకీస్ తలుపులు మూయరాదు. గడువు లేదు. విచారణాధికారిగా సదరు నూకరత్నమే కొనసాగవలెను. సన్యాసమ్మ గారు ఉత్తర్వు నా చేత రెండుసార్లు చదివించుకుని, ఆఖరి షో టికెట్లకు టైమైందని కిటికీ తెరిచారు.

ప్రతి నెలా అయిదో తారీకున నేను ప్రగతి నివేదిక పంపుతున్నాను. సినిమాలు మారుతున్నాయి, షరతు మారలేదు. ఈ నెల నివేదికలో ఉన్నది ఉన్నట్టు రాశాను: భేదాభిప్రాయములు యథాతథముగా ఉన్నవి. థియేటరు కూడా.